బీటెక్ అయిపోయింది, వాటర్ ప్లాంటు బాబాయి యాప్ చేసిపెట్టమన్నాడు. ఎంత చెప్పాలి?

పాలకొల్లు_కోడర్ | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే సీఎస్ఈ అయింది. క్యాంపస్‌లో ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది గానీ జాయినింగ్ తేదీ ఇప్పటికి రెండుసార్లు వెనక్కి జరిపారు. ఖాళీగా కూర్చోలేక ఫ్రీలాన్స్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఫ్లట్టర్ (ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్‌లు రాసే టూల్) ఏడాదిన్నరగా రాస్తున్నాను, ఫైర్‌బేస్ (యాప్ డేటా దాచే గూగుల్ సర్వీసు) వచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టు కూడా సొంతంగానే చేశాను (కొనలేదు, ఒట్టు).

మా వీధి చివర వాటర్ ప్లాంటు ఉంది. ఆ బాబాయి మా నాన్నకి బాగా దోస్తు. నాలుగు వందల ఇళ్లకి, కొన్ని హోటళ్లకి 20 లీటర్ల టిన్నులు వేస్తాడు, మూడు ఆటోలు తిరుగుతాయి. "ఏరా, నాకూ ఓ యాప్ చేసిపెట్టు. స్విగ్గీ టైపులో ఉండాలి, జనం నొక్కగానే మనకి ఆర్డరొచ్చేయాలి" అన్నాడు. నేను తొందరపడి పదిహేను వేలు అనేశాను. ఆయన రెండో మాట లేకుండా సరే అన్నాడు. బేరం కూడా ఆడలేదంటే తక్కువ చెప్పానేమో అని అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

అసలు ఎంత చెప్పాలి? నాన్న ఫ్రెండు కదా, అడ్వాన్స్ అడగొచ్చా? ఇలాంటి ఊళ్లో పనులు పట్టుకోవాలా, లేక అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లలో ఖాతా తెరవాలా?

ఇంకా_బెంచ్‌లోనే | ఆదివారం, రాత్రి 10:51

స్విగ్గీ టైపు యాప్ పదిహేను వేలకా! ఈ సంగతి స్విగ్గీ వాళ్లకి తెలియనివ్వకు తమ్ముడూ.

అమీర్‌పేట_పాతకాపు | ఆదివారం, రాత్రి 11:20

నిరుత్సాహపరుస్తున్నానని అనుకోకు. ఫ్రీలాన్స్ బాగానే ఉంటుంది, కానీ కాలేజీ గేటు దాటగానే కాదు. నేను ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి బయటికొచ్చాను. మన కోడ్‌ని ఇంకొకడు చదివి తప్పులు పట్టడం, రిలీజ్ రోజు రాత్రి మేలుకోవడం, పాత కోడ్‌లో ఎవడో వదిలేసిన చెత్తని సర్దడం, ఇవన్నీ ఇంట్లో ఒక్కడివీ కూర్చుంటే రావు. పైగా నా మొదటి నలుగురు క్లయింట్లూ ఎక్కడి నుంచి వచ్చారనుకున్నావ్? పాత ఆఫీసు వాళ్లే. ఒకడు స్టార్టప్ పెట్టాడు, ఇంకొకడు వేరే కంపెనీకి వెళ్లి నా పేరు చెప్పాడు. ఉద్యోగం చేయనివాడికి ఆ పరిచయాలు ఎక్కడివి?

ఆ కంపెనీని పట్టుకుని వేలాడు, ఈలోపు వేరే ఉద్యోగాలకి అప్లై చెయ్. బాబాయి యాప్ సరదాకి చేసుకో.

హనుమకొండ_అక్క | సోమవారం, ఉదయం 6:15

పాతకాపు గారి మాటలో సగం నిజం ఉంది. పరిచయాల గురించి చెప్పింది పూర్తిగా నిజం. కానీ ఈ అబ్బాయికి ఒక పరిచయం కాళ్ల దగ్గరికే వచ్చి ఉంది కదా, దాన్ని సరదాకి ఎందుకు చెయ్యాలి?

తమ్ముడూ, ఎంత చెప్పాలి అనేది తర్వాత. ముందు ఏం చెయ్యాలో తేల్చుకో. ఆరేళ్లుగా ఇదే పని మీద మా ఇల్లు నడుస్తోంది. క్లయింటు నోటితో అడిగిందీ అతనికి నిజంగా కావలసిందీ ఒకటే అయిన సందర్భాలు ఈ ఆరేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మీ బాబాయి సంగతే చూడు. నీళ్ల టిన్ను కోసం యాప్ దింపుకుని, ఓటీపీ కొట్టి, అడ్రస్ నింపే ఇళ్లు పాలకొల్లులో ఎన్నుంటాయి? మా అత్తమ్మ ఫోన్ చేసి "బాబూ, రెండు" అంటుంది, పెట్టేస్తుంది. అవతలివాడికి గొంతు తెలుసు, ఇల్లు తెలుసు. ఆర్డర్లు రావడం ఆయన సమస్యే కాదు.

రేపు పొద్దున్నే ప్లాంటు దగ్గరికెళ్లి గంటసేపు ఊరికే కూర్చో. ఆటో అబ్బాయిల జేబులో ఒక నోట్‌బుక్ ఉంటుంది, అది అడిగి చూడు. ఏ ఇంటికి ఎన్ని వేశారు, ఎన్ని ఖాళీలు వెనక్కి తెచ్చారు, ఎవరు చేతికిచ్చారు, ఎవరిది నెలాఖరు ఖాతా, అన్నీ అందులోనే. ఆ కాగితం తడిసినా, ఆ అబ్బాయి పని మానేసినా లెక్క గోవిందా. ఖాళీ టిన్నులు ఎక్కడెక్కడున్నాయో ఆయనకే తెలియదని నా అనుమానం. డబ్బు కారిపోయేది అక్కడే.

కాబట్టి యాప్ జనం కోసం వద్దు, ఆ ముగ్గురి కోసం చెయ్. మూడే స్క్రీన్లు. ఈరోజు తిరగాల్సిన ఇళ్లు. ఇల్లు నొక్కితే వేసినవి, తెచ్చినవి, ఇచ్చిన డబ్బు. నెలాఖరుకి ఇంటింటి బిల్లు వాట్సాప్‌లో పంపే బటన్. అంతే. ఐఫోన్ వద్దు, ఆన్‌లైన్ పేమెంట్ వద్దు, మ్యాప్ వద్దు.

ఇక ధర. నువ్వు పది రోజుల పని అనుకుంటావు, పాతిక రోజులు పడుతుంది. కొత్తవాడివి కాబట్టి రోజుకి పదిహేను వందలు వేసుకున్నా 37,500. నలభై చెప్పు. 40 శాతం ముందు, 40 శాతం అబ్బాయిల ఫోన్లలో నడిచి చూపించాక, మిగతా 20 నెల రోజులు వాడాక.

అడ్వాన్స్ అంటావా, నాన్న ఫ్రెండు కాబట్టే తప్పకుండా అడగాలి. తెలియనివాడు ఎగ్గొడితే డబ్బు మాత్రమే పోతుంది. తెలిసినవాడితో తేడా వస్తే మీ నాన్న ఆ వీధిలోంచి నడవడం మానేస్తాడు. ఒక పేజీ కాగితం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అందులో చేసే పనుల కన్నా చెయ్యని పనులు స్పష్టంగా రాయి. "కస్టమర్ యాప్ ఇందులో లేదు" అన్న ఒక్క ముక్క నీకు మూడు నెలలు ఆదా చేస్తుంది.

పాలకొల్లు_కోడర్ | సోమవారం, ఉదయం 8:02

అక్కా, మీరు ప్లాంటు చూసినట్టే రాశారు. నోట్‌బుక్ నిజంగానే ఉంది, రబ్బరు బ్యాండ్ వేసి మరీ! ఒక సందేహం. పదిహేను అని ఒప్పుకున్నాక ఇప్పుడు నలభై అంటే ఏమనుకుంటాడు?

హనుమకొండ_అక్క | సోమవారం, ఉదయం 8:30

పదిహేనుకి చెప్పింది వేరే యాప్, అది కుదరదని ఇప్పుడు అర్థమైందని చెప్పు. నోట్‌బుక్ లెక్కలోంచి ఒక నెల తీసి, ఎన్ని ఖాళీలు తేలడం లేదో కూడి చూపించు. తర్వాత ధర చెప్పు.

అమీర్‌పేట_పాతకాపు | సోమవారం, ఉదయం 9:10

వాటర్ డెలివరీకి నెల అద్దె మీద నడిచే రెడీమేడ్ యాప్‌లు ఉన్నాయి కదా అక్కా. నెలకి కొన్ని వందలు కడితే అయిపోయేదానికి నలభై వేలు ఎందుకు పెడతాడు?

హనుమకొండ_అక్క | సోమవారం, ఉదయం 9:25

మంచి ప్రశ్న. ముందు అవే చూపించాలి. ఒకటి సరిపోతే నాలుగు వందల ఇళ్ల లిస్టు అందులోకి ఎక్కించి, అబ్బాయిలకి నేర్పించి, దానికి ఐదారు వేలు తీసుకుంటే చాలు. నేను రెండుసార్లు అలాగే చేశాను. ఒకాయన తర్వాత లక్షన్నర పని ఇచ్చాడు. తెలుగులో లేకపోతేనో, వీళ్ల ఖాళీల లెక్క అందులో కుదరకపోతేనో మనది చెయ్యాలి.

బగ్గుమన్న_కోడ్ | సోమవారం, మధ్యాహ్నం 1:47

అక్క వ్యాపారం సంగతి చెప్పేసింది, నేను టెక్నికల్ గోతుల గురించి చెబుతాను. అన్నిట్లోనూ పడ్డాను కాబట్టి లోతు తెలుసు.

మొదటిది, ప్లే స్టోర్ అకౌంట్ ఎవరి పేరు మీద? నేను మొదట్లో అందరి యాప్‌లూ నా అకౌంట్‌లోనే పెట్టేవాడిని. 25 డాలర్లు ఒకసారి కడితే చాలు కదా అని మురిసిపోయాను. తర్వాత అర్థమైంది, ఒక క్లయింటు యాప్ నిబంధనలు దాటి అకౌంట్ మూతపడితే అందులోని మిగతా యాప్‌లన్నీ కూడా పోతాయి. క్లయింటు జీమెయిల్‌తో, క్లయింటు కార్డుతో, అతని పేరు మీదే తెరిపించు. నిన్ను యూజర్‌గా చేర్చుకుంటాడు. యాపిల్ అయితే ఏడాదికి 99 డాలర్లు, అదీ క్లయింటే కట్టాలి. పైగా ఐఫోన్ యాప్ బిల్డ్ చెయ్యాలంటే మ్యాక్ కావాలి, దానికి వాడే ఎక్స్‌కోడ్ విండోస్‌లో నడవదు. ఫ్లట్టర్ ఒకసారి రాస్తే రెండింట్లోనూ నడుస్తుందని క్లయింటుకి చెప్పేటప్పుడు ఈ ముక్క మింగెయ్యకు.

రెండోది, 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకి ఒక రూలుంది. యాప్ అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది 14 రోజులపాటు వరసగా క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మనం పిలిచినవాళ్లు మాత్రమే వాడి చూసే దశ) ఉండాలి. మొదట్లో 20 మంది అనేవాళ్లు, తర్వాత తగ్గించారు. "వచ్చే సోమవారానికి ప్లే స్టోర్‌లో ఉంటుంది" అని మాటిచ్చి ఇక్కడ ఇరుక్కున్నవాళ్లు చాలామంది. నీ పనికి ఆ బాధ లేదు. ముగ్గురే వాడతారు కాబట్టి ఇంటర్నల్ టెస్టింగ్‌లో (స్టోర్‌లో అందరికీ కనపడకుండా) పెట్టుకో, 100 మంది వరకు మెయిల్ ఐడీలతో ఇవ్వొచ్చు.

మూడోది, ఫైర్‌బేస్. అందులోని డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో రోజుకి 50,000 రీడ్లు (చదవడాలు), 20,000 రైట్లు (రాయడాలు) ఉచితం. నీ లెక్క వేసి చూడు. 400 ఇళ్లు, ముగ్గురు, రోజుకి పదిసార్లు లిస్టు మొత్తం తెరిచినా 12,000 రీడ్లే. ఇక నా కథ. బిల్డ్ మెథడ్ (స్క్రీన్ గీసే కోడ్) లోపలే మొత్తం డేటా జాబితాని చదివేలా రాశాను. స్క్రీన్ కదిలినప్పుడల్లా మళ్లీ చదువుతోంది. పొద్దున పది గంటలకే ఆ రోజు కోటా అయిపోయి యాప్ ఆగిపోయింది. స్పార్క్ (ఉచిత) ప్లాన్ కాబట్టి ఆగింది, బ్లేజ్ (వాడినంత కట్టే ప్లాన్) అయ్యుంటే ఆగకుండా బిల్లు పెరిగేది. పూర్తిగా నా తప్పే.

ఇంకోటి, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, లిఫ్టుల్లో సిగ్నల్ ఉండదు. ఫైర్‌స్టోర్ మొబైల్‌లో ఆఫ్‌లైన్‌లో కూడా దాచుకుని తర్వాత పంపుతుంది, కానీ రైట్ పూర్తయ్యేదాకా వెయిట్ చెయ్యి అని రాస్తే అక్కడే చక్రం తిరుగుతూ ఉంటుంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రోజంతా వాడి చూడు.

సిద్దిపేట_డెవ్ | సోమవారం, రాత్రి 9:33

పైసల గురించి నా అనుభవం కూడా వినండి. ఒక రియల్ ఎస్టేట్ ఆయనకు యాప్ చేసిచ్చిన. అరవై వేలు బాకీ. "రేపు రా, ఎల్లుండి రా" అని ఆరు నెలలు తిప్పిండు. సోర్స్ కోడ్ ముందే ఇచ్చేసినందుకు నా చేతిలో ఏం మిగల్లేదు.

తర్వాత తెలిసింది, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని ఒకటి ఉంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. అది ఉన్న చిన్న సంస్థకు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని ఎంఎస్ఎంఈ (చిన్న సంస్థల) చట్టంలోనే ఉంది. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ పని మొదలుపెట్టే ముందే రిజిస్ట్రేషన్ ఉండడం మేలు. నాకు లేకుండె. నా అరవై వేలు ఇంకా రాలేదు. నువ్వు ముందే చేసుకో తమ్మీ.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:05

ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మార్చిలో అందరూ నాకే ఫోన్ చేస్తారు.

సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మన రెండు రాష్ట్రాల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎవరో భయపెట్టారని మొదటి నెలలోనే తీసుకోకండి, సున్నా రిటర్నులు వేస్తూ కూర్చోవాలి. ఆదాయపు పన్నుకి, అందరూ 44ఏడీఏ అని పిలిచే పద్ధతి ఉంది. వచ్చిన మొత్తంలో సగాన్నే ఆదాయంగా చూపొచ్చు, ఖర్చుల పుస్తకాలు రాయనక్కర్లేదు. ఆరు లక్షలొస్తే మూడు లక్షలన్నమాట. పన్ను పడకపోయినా రిటర్ను వెయ్యండి. రేపు బండి లోనుకి వెళ్తే జీతం స్లిప్పు లేనివాడిని బ్యాంకు అడిగేది అదే.

బయటి దేశం డబ్బు వస్తే బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ పనికి పీ0802. డబ్బు వచ్చినట్టు ఇచ్చే విదేశీ రెమిటెన్స్ పత్రాలు పారేయకుండా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇంకో మాట, పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది, బయటి నుంచి వచ్చేవాటికే పనికొస్తుంది. ఊళ్లో పనికి యూపీఐ చాలు, కానీ బిల్లు నంబరు వేసి మరీ ఇవ్వండి.

ప్లేనో_పెదనాన్న | మంగళవారం, ఉదయం 9:48

బాబూ, నేను అవతలి ఒడ్డు నుంచి చెబుతాను. టెక్సస్‌లో ఉంటాను, చిన్న వ్యాపారం, ఏడాదికి ఐదారుసార్లు ఫ్రీలాన్సర్లని పెట్టుకుంటాను. అప్‌వర్క్‌లో పని పెట్టిన గంటలో ముప్పై నలభై దరఖాస్తులు వస్తాయి. అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఈ మధ్య మరీ, కృత్రిమ మేధతో రాయించినవి పేరాలు పేరాలు. ఒక్కటీ చివరిదాకా చదవను. పోయినసారి ఒక అమ్మాయి మా పాత యాప్ దింపుకుని వాడి, బుకింగ్ తేదీ మార్చినప్పుడు అది ఎక్కడ తప్పుతోందో నలభై సెకన్ల వీడియో తీసి పంపింది. ఆమె రేటు మిగతావాళ్లకి రెట్టింపు. ఆమెకే ఇచ్చాను.

మనవాళ్ల దగ్గర నాకు ఒక్కటే చిరాకు. "అయిపోతుందా?" అంటే "అయిపోతుంది సార్" అంటారు. కాదని చెప్పడం మర్యాద కాదనుకుంటారో ఏమో. శుక్రవారానికి కాదని బుధవారమే చెబితే నేను సర్దుకుంటాను. శుక్రవారం రాత్రి ఫోన్ ఎత్తకపోతే ఇంకోసారి పిలవను.

ఫీజుల సంగతి తెలిసే దిగు. ఫైవర్ నీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ 2025 మే నుంచి పనిని బట్టి 0 నుంచి 15 శాతం. దరఖాస్తు పెట్టడానికి కనెక్ట్స్ కొనాలి, ఒక్కోటి 15 సెంట్లు, ఒక పనికి పది, పదిహేను కూడా పోతాయి. చూపించుకోవడానికి నడుస్తున్న యాప్ ఒక్కటైనా లేకుండా అక్కడ డబ్బు తగలెయ్యకు. ముందు మీ టిన్నుల యాప్ పూర్తి చెయ్.

ఇంకా_బెంచ్‌లోనే | మంగళవారం, ఉదయం 10:15

పెదనాన్న గారూ, మీ పాత యాప్ లింకు పెడితే ఇక్కడి వాళ్లందరం వీడియోలు తీస్తాం.

పాలకొల్లు_కోడర్ | శుక్రవారం, రాత్రి 11:06

అప్‌డేట్. మూడు రోజులు ప్లాంటు దగ్గరే ఉన్నాను. ఒక రోజు ఆటోలో కూడా తిరిగాను. నోట్‌బుక్‌లోంచి పోయిన నెల లెక్క తీస్తే 63 ఖాళీ టిన్నులు ఎక్కడున్నాయో తేలలేదు. కొత్తది కొనాలంటే నూటయాభై పైమాటే అంట. బాబాయి ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

రెడీమేడ్‌వి రెండు చూపించాను. అబ్బాయిల్లో ఇద్దరికి ఇంగ్లీషు రాదు, అవి వద్దన్నారు. నలభై అన్నాను (గొంతు వణికింది). ముప్పై రెండుకి తేలింది. పన్నెండు వేలు అడ్వాన్స్ అక్కడికక్కడే ఫోన్‌పే చేశాడు. కాగితం మీద సంతకం అంటే నవ్వి, "మీ నాన్న నాకు సంతకం పెట్టించుకుని అప్పిచ్చాడా ఏంటి?" అన్నాడు, కానీ పెట్టాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సంతకాలకి ముందు రోజే చేసేశాను, సిద్దిపేట అన్నకి థాంక్స్.

ఇంట్లోనే కొంచెం ఇబ్బంది. లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఖాళీగా ఉన్నాననుకుని అమ్మ గ్యాస్ బుక్ చెయ్యమనీ, చెల్లిని ట్యూషన్‌కి దింపమనీ అంటోంది.

హనుమకొండ_అక్క | శనివారం, ఉదయం 6:20

ముప్పై రెండు మొదటి పనికి మంచి ధరే. ఇంటి సంగతికి నా దగ్గర ఉపాయం లేదు తమ్ముడూ, ఆరేళ్లయినా నేను స్టవ్ మీద పాలు చూస్తూనే క్లయింటు కాల్ మాట్లాడతాను.

బగ్గుమన్న_కోడ్ | శనివారం, ఉదయం 11:40

నెలనెలా మెయింటెనెన్స్ మాట కూడా ఇప్పుడే మాట్లాడుకో. రేపు స్టోర్‌లో పెట్టే యాప్‌లకి గూగుల్ ఏటా టార్గెట్ ఏపీఐ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు ఉండాలన్నది) పెంచుతుంది. 2025 ఆగస్టు 31 తర్వాత కొత్త యాప్‌లు, అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చెయ్యాల్సి వచ్చింది. "ఒకసారి చేసిచ్చాను, నా పని అయిపోయింది" అనే యాప్ ఉండదు.

పాలకొల్లు_కోడర్ | నెల తర్వాత, మంగళవారం, రాత్రి 9:50

యాప్ నడుస్తోంది. రెండో విడత కూడా వచ్చింది. నేను బటన్ మీద "రిటర్న్" అని రాస్తే అబ్బాయిలు నొక్కలేదు, "ఖాళీ" అని మార్చాక నొక్కుతున్నారు. నాలుగు రోజులు అదే బగ్ అనుకుని కోడ్ అంతా వెతికాను.

ఇప్పుడు నిజంగా ఒక బగ్ ఉంది. కొన్ని ఇళ్లకి ఖాళీల లెక్క మైనస్‌లోకి పోతోంది. ఒక ఇంట్లో మైనస్ రెండు, ఒక మెస్‌లో ఏకంగా మైనస్ తొమ్మిది. అంటే మనం వేసినవాటికన్నా ఎక్కువ వెనక్కి వచ్చాయి. ఆఫ్‌లైన్ సింక్‌లో రెండుసార్లు రాస్తోందేమో అని లాగ్స్ అన్నీ చూశాను, అలా లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా? సున్నా దగ్గర ఆపేసేలా రాసేయనా?

హనుమకొండ_అక్క | మంగళవారం, రాత్రి 10:04

ఆపకు, ఆపకు. ఆ మెస్ వాళ్లు ఇంకో ప్లాంటు దగ్గర కూడా తీసుకుంటున్నారేమో, వాళ్ల టిన్నులు మీ ఆటో ఎక్కుతున్నాయేమో కనుక్కో.

పాలకొల్లు_కోడర్ | బుధవారం, ఉదయం 8:37

ప్లాంటు వెనకాల షెడ్డులో చూసొచ్చాం అక్కా. వేరే ప్లాంటు స్టిక్కర్లున్న టిన్నులు ఇరవై పైనే ఉన్నాయి. అవతలి ప్లాంటు ఆయన కూడా మనవి అలాగే పెట్టుకున్నాడంట. ఆదివారం ఇద్దరూ మార్చుకుంటున్నారు, లెక్క రాయడానికి నన్ను రమ్మన్నారు. ఆయన కూడా యాప్ ఎంత అని అడిగాడు. ఈసారి వెంటనే చెప్పలేదు, ముందు మీ నోట్‌బుక్ చూడాలండీ అన్నాను.